రాగి పిరమిడ్: ధ్యానానికి సరే, కూరగాయలకు కాదు

హైదరాబాద్ దగ్గర కడ్తాల్‌లోని ధ్యాన మహాపిరమిడ్ చూసొచ్చాక ఇంట్లోనూ ఒకటి పెట్టుకోవాలనుకునేవాళ్లు ఎక్కువగా కొనేది రాగి గొట్టాల ఫ్రేమే. ఏళ్ల తరబడి వాడుతున్న మా ఫ్రేము అడుగు భాగం ఆరడుగులు. దాని కింద కూర్చుంటే మనసు కుదుటపడుతుంది, కాదనను. నా కోపమంతా అమ్మేటప్పుడు చెప్పే ఒక్క మాట మీదే: లోపల పెట్టిన తిండి పాడవదట.

ఆ మాట పిరమిడ్లు కట్టిన ఈజిప్టు ఫారోల కాలం నాటిది కాదు. 1930లలో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఇనుప సామాన్ల వ్యాపారి ఆంట్వాన్ బోవి మొదలుపెట్టాడు. తర్వాత ప్రాగ్ రేడియో ఇంజనీరు కారెల్ డ్రబల్, బ్లేడు పదును నిలిపే పిరమిడ్ అంటూ 1949లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1959లో ఇచ్చారు. నిజానికి గడ్డం గీసుకున్నాక బ్లేడును తడి లేకుండా ఆరబెడితే ఎక్కడ పెట్టినా ఎక్కువ రోజులు వస్తుంది. తడి కూడా అంచును తినేస్తుంది.

కరివేపాకు దీని కింద పచ్చగా, గలగలలాడేలా ఎండుతుంది. అయితే పక్కనే మామూలు స్టూలు మీద పెట్టిందీ అలాగే ఎండుతుంది. చూడాలంటే ఒకే కొమ్మవి 50 గ్రాముల చొప్పున రెండు స్టీలు పళ్లేల్లో పరచండి. ఒకటి ఫ్రేము కింద, నేలకు 15 అంగుళాల ఎత్తున (మొత్తం ఎత్తులో మూడో వంతు). రెండోది బయట, అదే ఎత్తున. రెండింటికీ కిటికీ గాలి సమానంగా తగలాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. పొద్దునా సాయంత్రం తూకం వేయండి. చాలామంది రెండో పళ్లెం పెట్టరు, అందుకే నమ్మకం అలా నిలిచిపోతుంది. వానాకాలంలో రెండింటికీ బూజు పడుతుంది. పాలు రెండుచోట్లా విరుగుతాయి. ఇన్సులిన్ లాంటివి దీని కింద పెట్టమని ఎవరు చెప్పినా వినకండి, వాటి చోటు ఫ్రిజ్.

కొనేముందు గొట్టానికి అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే రాగి పూత వేసిన ఇనుమే. అడుగు గొట్టం 72 అంగుళాలుంటే ఏటవాలుది 68.5 ఉండాలి, ఎత్తు 46 వస్తుంది. మూలల స్క్రూలు మరీ బిగిస్తే మెత్తటి రాగిలో మరలు అరిగి, ఫ్రేము పక్కకు ఒరుగుతుంది. చిలుము పడితే చింతపండు, ఉప్పుతో రుద్ది, కడిగి, పొడిగుడ్డతో తుడవండి.

బాసింపట్టు వేసుకుని కూర్చోగలిగితే, గదిలో చోటుంటే, డబ్బుకు ఇబ్బంది లేకపోతే కొనుక్కోవచ్చు. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఈ సైజు పనికిరాదు, కుర్చీ వేసుకుంటే తల పైజాయింటుకు తగులుతుంది.