గుడ్డ డైపర్లు: పాకెట్ రకమా, కవరూ నూలు గుడ్డా? ఏది మేలు?

ఇంట్లో పురుడు దగ్గర పడుతోందనగానే తిరుపతిలో నాకు తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. గుడ్డ డైపర్లు వాడాలని ఇంట్లో ఒప్పుకున్నారు, కాని పాకెట్ రకం (సంచిలాంటి తొడుగులో ప్యాడ్ దూర్చేది) కొనాలా, తడి బయటికి రానీయని పైకవరు మాత్రం కొని లోపల మామూలు నూలు గుడ్డ మడిచి పెట్టాలా, లేక అన్నీ కలిపి ఒకటిగా కుట్టిన రకం తీసుకోవాలా అన్నది తేలడం లేదు. అమ్మేవాళ్లు ఏది ఎంత తడి పీలుస్తుందో చెబుతారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. పీల్చుకున్నదాన్ని మన ఇంటి నీళ్లతో ఎంత శుభ్రంగా వదిలించగలం, మన ఇంటి తీగ మీద ఎంత తొందరగా ఆరబెట్టగలం అన్నదే మొదట అడగవలసింది.

ముందు నీళ్ల సంగతి చూద్దాం. కల్యాణి డ్యామ్ నుంచీ తెలుగుగంగ నుంచీ వచ్చే మునిసిపల్ నీళ్లను తాగడానికీ వంటకూ పట్టుకుని, బట్టలకు బోరు నీళ్లు వాడే ఇళ్లు తిరుపతిలో చాలానే ఉన్నాయి. చిత్తూరులోనైతే బోరో ట్యాంకరో తప్ప వేరే దారి లేని వీధులున్నాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే బకెట్ అంచున తెల్లని పొర కడుతుంది. అలాంటి నీళ్లలో బట్టల సబ్బుతో రుద్దితే సబ్బు, లవణాలు కలిసి జిగటగా మారి దారాల మధ్య కూర్చుంటాయి. మనం కట్టుకునే బట్టల విషయంలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. రోజుకు పలుమార్లు మూత్రంలో నానే గుడ్డ విషయంలో మాత్రం ఆ పొర కింద మురికి నిలిచిపోతుంది. ఆరినప్పుడు ఏ వాసనా లేని గుడ్డ, బిడ్డ ఒకసారి తడపగానే ముక్కు మండేంత ఘాటు కొడుతుంది.

ఏదైనా కొనడానికి ముందు ఇంటి నీళ్లను ఒకసారి పరీక్షించుకోవడం మంచిది. సీసాలో సగం దాకా నీళ్లు పోసి, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి గట్టిగా కుదపండి. పైన నురగ నిలవకుండా నీళ్లు పాలలా తెల్లబారితే అవి లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్లే. అలాంటి ఇంట్లో పొరలు ఎక్కువున్న డైపర్ ఎంత ఖరీదైనదైనా నేను సిఫారసు చేయను, ఎందుకంటే నాలుగైదు పొరలను కలిపి కుట్టిన ప్యాడ్ నడిమి దాకా నీళ్లు పారి, అక్కడి సబ్బును కూడా బయటికి తేవాలంటే రెండు మూడు బకెట్లు అదనంగా పోయవలసి వస్తుంది.

కవరూ గుడ్డా పద్ధతి గెలిచేది ఇక్కడే. ముప్పాతిక మీటరు చదరం గుడ్డ మడిస్తే ఎనిమిది పొరలవుతుంది, విప్పితే ఒకే పొర. జాడించేటప్పుడు నీళ్లు దాని గుండా సాఫీగా పోతాయి, వేడినీళ్లలో ఉడకబెట్టినా దానికేమీ కాదు, ఎండలో చూస్తుండగానే ఆరిపోతుంది. కొత్త నూలులో ఉండే సహజమైన జిడ్డు, గంజి పోయి పీల్చే గుణం పూర్తిగా రావాలంటే నాలుగైదు ఉతుకులు పడుతుంది గనుక, ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడ్డ పాత పంచెను కత్తిరించిన ముక్కలు దుకాణం సరుకుకన్నా మొదటి రోజు నుంచే బాగా పనిచేస్తాయి. అవ్వలు పాత పంచెలు పారేయకుండా దాచడంలో లెక్క ఉంది. పైన వేసే కవరుకు మలం అంటకపోతే తుడిచి, గాలికి ఆరనిచ్చి మళ్లీ వాడవచ్చు. కాబట్టి రెండు డజన్ల గుడ్డలకు ఐదారు కవర్లు సరిపోతాయి. పుట్టిన కొత్తలో రోజుకు 8 నుంచి 12 సార్లు మార్చవలసి వస్తుంది కనుక, రోజు విడిచి రోజు ఉతికే ఇంటికి ఇంతకన్నా తగ్గితే ఇబ్బంది.

పాకెట్ రకానికి ఉన్న గుణాలను కాదనలేము. లోపలి ప్యాడ్ ముందే అమర్చిపెడితే తండ్రైనా, మేనత్తైనా, పక్కింటి పిన్నైనా ఒక్క నిమిషంలో వేయగలరు. మడత నేర్చుకునే పని లేదు. ఒంటికి తగిలే పొర పొడిగా ఉంటుంది కాబట్టి బిడ్డ నిద్ర చెడదు. అయితే మైక్రోఫైబర్ (సన్నని కృత్రిమ దారాల) ప్యాడ్ ఎప్పుడూ పాకెట్ లోపలే ఉండాలి. నేరుగా ఒంటికి తగిలితే అది చర్మంలోని తేమను కూడా లాగేస్తుంది. వెదురు, హెంప్ (గంజాయి జాతి మొక్క నార) కలిసిన ప్యాడ్లు ఎక్కువ పీలుస్తాయి గాని ఆరడానికి చాలాసేపు తీసుకుంటాయి. వేసవిలో ఇది పట్టించుకోవలసిన విషయం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టినప్పుడు మాత్రం ఉదయం ఆరేసిన ప్యాడ్ మర్నాటికి కూడా మధ్యలో చెమ్మగానే ఉంటుంది. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తినప్పటిలాంటి వానల్లో మిద్దె మీది తీగ ఎందుకూ పనికిరాదు. ఫ్యాను కింద ఆరేది ఒంటి పొర గుడ్డ ఒక్కటే. పాకెట్ పైపొరలోని తడి ఆపే పూతకు మరిగే నీళ్లు, బ్లీచింగ్ పనికిరావు; మిట్టమధ్యాహ్నపు ఎండలో రోజూ వేలాడదీస్తే సాగే పట్టీలు త్వరగా వదులవుతాయి. ప్యాడ్లను ఎండలో, పైతొడుగులను నీడలో ఆరేయాలి.

అన్నీ కలిపి కుట్టిన రకం గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు: వేయడం సులువు, ఆరడం కష్టం. కవరు లేకుండా మొలతాడుకు దోపే గోచీ పగలు ఇంట్లో గాలి ఆడడానికి మంచిదే, పక్క మాత్రం తడుస్తుంది. వాడి పారేసే డైపర్లు ప్రయాణాలకు ఉంచుకోవచ్చు; వాటిని విడిగా చుట్టి చెత్త బండికి ఇవ్వాలని ఘన వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి.

ఏ రకం కొన్నా ఉతికే క్రమం ఒకటే. తడిసిన గుడ్డను వెంటనే చన్నీళ్లలో జాడించాలి. అన్నం తినే వయసొచ్చాక మలాన్ని ముందు మరుగుదొడ్డిలో దులిపి అప్పుడు ఉతకాలి. సబ్బు బిళ్లకు బదులు డిటర్జెంట్ పొడి, గట్టి నీళ్లయితే దానితోపాటు కొద్దిగా వాషింగ్ సోడా వేయాలి. మునిసిపల్ నీళ్లు వచ్చే రోజున చివరి జాడింపునకైనా ఒక బకెట్ వాటిని కేటాయించడం మేలు. బట్టలను మెత్తబరిచే ద్రవాలను దగ్గరికి రానీయకూడదు, అవి దారాల మీద పూతలా పట్టి గుడ్డను పీల్చనివ్వవు. ఒరుపులకు రాసే జింకు క్రీము కూడా అదే పని చేస్తుంది కాబట్టి, రాసిన పూట పల్చని పాత గుడ్డముక్క మధ్యలో వేయాలి. అనుమానం వచ్చినప్పుడు ఆరిన గుడ్డ మీద చెంచాడు నీళ్లు పోసి చూడండి: ఇంకకుండా ముత్యాల్లా నిలిస్తే పొర పట్టినట్టే. అప్పుడు సబ్బు లేకుండా వేడినీళ్లలో రెండు మూడుసార్లు జాడిస్తే చాలావరకు వదులుతుంది. ఆ వేడి ప్యాడ్లకూ నూలు గుడ్డలకే గాని పూత ఉన్న కవర్లకు కాదు.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే కవరూ గుడ్డే ఎంచుకుంటాను. బోరు నీళ్లతో ఉతికే ఇంటికి మరో మాట లేదు. మునిసిపల్ నీళ్లు సమృద్ధిగా ఉండి, మిద్దె మీద ఎండ పడే ఇల్లయితే రాత్రి నిద్ర కోసం నాలుగు పాకెట్లు దానికి జోడించుకోవచ్చు. ఏడాది లోపు బిడ్డతో తిరుమలలో సుపథం అనే ప్రత్యేక ప్రవేశ దారిన శ్రీవారి దర్శనానికి వెళ్లే రోజున మాత్రం తడి గుడ్డల సంచి మోసుకు తిరిగే కన్నా వాడి పారేసేవి వేయడమే తెలివైన పని.