హైడ్రాలిక్ లిఫ్టర్లు, క్యామ్ షాఫ్ట్ మార్పు: అనంతపురం వాడకంలో తేలినవి

నా డీజిల్ కారులో హైడ్రాలిక్ లిఫ్టర్ల (ఆయిల్ ఒత్తిడితో వాల్వు సందును పూడ్చే చిన్న భాగాల) సెట్టునూ, ఒక క్యామ్ షాఫ్టునూ (వాల్వులను తెరిచే ఇరుసును) మార్పించి కొన్ని వేసవులు గడిచాయి. అనంతపురం నుంచి కళ్యాణదుర్గం వైపు వేరుశనగ పొలాల దుమ్ములోనూ, జాతీయ రహదారి 44 మీదా బండి తిరుగుతూనే ఉంది. ఇంజిన్ వేడెక్కాక వచ్చే టకటక శబ్దం మళ్లీ వినబడలేదు. ఇందులో కొత్త సామాను గొప్ప కంటే ఆయిల్ గొప్పే ఎక్కువని నా అభిప్రాయం.

ఈ రకం లిఫ్టరుకు ఫీలర్ గేజితో (సందు కొలిచే పలుచని రేకులతో) ట్యాపెట్ సెట్టింగు, అంటే వాల్వు సందు సరిచేసే పని ఉండదు. లిఫ్టరు లోపల కదిలే ప్లంజరు కింద చేరిన ఆయిలును చిన్న బాల్ వాల్వు వెనక్కి పోనీయదు కనుక, ఆ ఆయిలే సందును ఎప్పటికప్పుడు పూడుస్తుంది. వాల్వులో మసి గానీ జిగురు గానీ పేరుకుంటే లిఫ్టరు మెత్తబడి చప్పుడు మొదలవుతుంది. రాత్రంతా ఆగిన బండి ఉదయం కొన్ని సెకన్లు టకటకలాడితే కంగారు అక్కర్లేదు. వేడెక్కినా ఆగకపోతే మాత్రం, ట్యాపెట్ కవరు విప్పేముందే గేజి పెట్టి ఆయిల్ ప్రెజరు చూడాలి. పంపు బలహీనపడినా, సంపులోని (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోని) వడపోత జాలీ మూసుకుపోయినా ఇదే చప్పుడు వస్తుంది కాబట్టి, ఈ పరీక్ష లేకుండా లిఫ్టర్లు మార్చమనే సలహాను నేను నమ్మను. చిక్కటి ఆయిల్ పోయమనే సలహా కూడా అంతే: చప్పుడు కొన్నాళ్లు అణిగినా, చలి ఉదయాల్లో లిఫ్టర్లకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది.

కవరు విప్పితే క్యామ్ షాఫ్టు మీది ఒక లోబు (వాల్వును నెట్టే ఉబ్బెత్తు) కొన మీద గుంటలు కనిపించాయి. మైక్రోమీటరుతో కొలిస్తే పక్క లోబు కంటే ఎత్తు తగ్గింది. లోబుకూ వాల్వుకూ నడుమ రోలర్ ఫింగర్లు (చిన్న చక్రమున్న మీటలు) ఉన్న ఇంజిన్ కనుక ఆ లోబు కింది ఫింగరునూ మార్చారు. లిఫ్టరు నేరుగా లోబుకు రాసుకునే పాత తరహా ఇంజిన్లలోనైతే, కొత్త క్యాముకు పాత లిఫ్టర్లు జతచేస్తే కొత్త లోబే త్వరగా అరిగిపోతుంది. మెకానిక్ బేరింగ్ క్యాపులను నంబరు ప్రకారం పేర్చుకుని, బోల్టులను అన్నివైపులా కొద్దికొద్దిగా వదులు చేయడం చూసి నాకు నమ్మకం కుదిరింది. ఒక పక్కే విప్పేస్తే వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి షాఫ్టు విరిగే ప్రమాదం ఉంది. బిగించాక వెంటనే స్టార్టు చేయనివ్వలేదు. "అరగంట ఆగల్ల సార్, లిఫ్టర్లు దిగల్ల" అన్నాడు. కొత్త లిఫ్టర్లు నిండుగా పైకి లేచి ఉంటే వాల్వులు పూర్తిగా మూసుకోక పిస్టనుకు తగలవచ్చు. ఆ తర్వాత క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇరుసును) చేత్తో రెండు చుట్లు, అంటే క్యాము ఒక చుట్టు, తిప్పి టైమింగ్ గుర్తులు సరిచూశాడు.

ఇప్పుడు మాన్యువల్లో చెప్పిన గ్రేడు ఆయిలునే, ఇక్కడి దుమ్ము, ఎండల దృష్ట్యా గడువుకు ముందే మార్పిస్తున్నాను. టైమింగ్ చైను, టెన్షనరు కూడా ఆ పనిలోనే వేయించాను. బిల్లు పెరిగింది గానీ, ఇంజిన్ విప్పే కూలి రెండోసారి పడలేదు.