10,000 లక్స్ అన్నారు, ఎంత దూరంలోనో చెప్పలేదు

నేనుండేది అమెరికాలో, ప్రావిడెన్స్ ఊళ్లో. వెలుతురు మనసు మీద ఎలా పనిచేస్తుందో ఎలుకల్లో పరిశీలించడం నా ఉద్యోగం. వాటి రాత్రి చెడకూడదని చీకటి గదిలో, గుడ్డి ఎర్ర లైటు కింద పనిచేస్తాం. డిసెంబర్లో ఇక్కడ నాలుగుంపావుకే పొద్దుగూకుతుంది, నేను బయటికొచ్చేసరికి చీకటే. అనంతపురం ఎండల్లో పెరిగినదాన్ని. మొదటి చలికాలం పొద్దున లేవలేక, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక నానా అవస్థ పడ్డాను. రెండో ఏడు ఆన్‌లైన్‌లో 45 డాలర్లు పెట్టి ఒక థెరపీ ల్యాంప్ కొన్నాను, చలికాలం దిగులు తగ్గడానికి పొద్దున్నే ముందు పెట్టుకుని కూర్చునే ప్రకాశవంతమైన దీపమన్నమాట.

చిన్న టాబ్లెట్ అంత ఉంటుంది. డబ్బా మీద పెద్దక్షరాలతో 10,000 లక్స్ అని ఉంది. లక్స్ అంటే ఒక చోట ఎంత వెలుగు పడుతోందో చెప్పే కొలత. ల్యాబ్ నుంచి లక్స్ మీటరు తెచ్చి, సెన్సర్‌ను కనుబొమల మధ్య ఆనించి చూశాను. 15 సెంటీమీటర్ల దగ్గర 9,600 వచ్చింది. ఉప్మా ప్లేటు ముందు పెట్టుకుని మామూలుగా కూర్చుంటే, అంటే మూరెడు దూరంలో, 1,700. పరిశోధనల్లో ఎక్కువగా వాడే మోతాదు పొద్దున్నే 10,000 లక్స్ కింద అరగంట. 2,500 అయితే దాదాపు రెండు గంటలు కూర్చోవాలి. ఆఫీసుకెళ్లే మనిషికి అది కుదిరే పనేనా? చలికాలం దిగులుతో ఉన్నవాళ్లు ఈ డబ్బా నమ్మి నెలరోజులు కూర్చుని, లైటు థెరపీ తమకు పనిచేయదని వదిలేస్తారు. నా బాధంతా అదే.

కంటి లోపలి వెనక పొర రెటీనాలో, మెలనాప్సిన్ అనే వెలుగును పసిగట్టే పదార్థం ఉన్న కణాలు కొన్ని ఉంటాయి. వాటి ముఖ్యమైన పని మనకు బొమ్మ చూపించడం కాదు, తెల్లారిందని మెదడులోని గడియారానికి కబురు పంపడం. 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగుకు బాగా స్పందిస్తాయి. ఇవి నేరుగా వెలుగును పసిగడతాయని డేవిడ్ బెర్సన్ బృందం 2002లో చూపించింది ఈ ఊళ్లోని బ్రౌన్ యూనివర్సిటీలోనే. ఆ వీధిలో నడిచినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. గడియారంతో పనిలేకుండా మూడ్‌ను మార్చే ఇంకో దారి ఉందని 2018లో ఎలుకల్లో తేలింది కూడా. ఏ దారైనా, కంటికి చేరిన వెలుగే లెక్క.

చిన్నది వాపసు చేసి, 120 డాలర్లకు పెద్ద పలక ఉన్నది తీసుకున్నాను. 30 సెంటీమీటర్ల దగ్గర కూడా 10,000 ఇస్తోంది, అతినీలలోహిత కిరణాలకు ఫిల్టర్ ఉంది. ఆరున్నరకు కాస్త పక్కగా పెట్టుకుని టిఫిన్ తింటాను, సూటిగా చూడను. పదిరోజులకు అలారం కంటే ముందే మెలకువ రావడం మొదలైంది. బైపోలార్ సమస్య, కంటి జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా కొనకండి.

ఫోన్లో అమ్మ, "కాసేపు ఎండలో నిలబడవే" అంటుంది. మొన్న మబ్బు పట్టిన ఆదివారం తొమ్మిదింటికి వీధిలో మీటరు పెడితే 6,000 చూపించింది. సెలవురోజుల్లో నడకకే వెళ్తున్నాను. చిన్న ల్యాంపుకు రెండు స్టార్లు. ఎంత దూరంలో 10,000 వస్తుందో డబ్బా మీద రాయమని కంపెనీకి మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.