విశాఖ ఉప్పుగాలిలో విదేశీ పోస్ట్‌కార్డులు: ఆరేళ్ల వాడకం తర్వాత

ముందే మార్కులు వేసేస్తాను. ముక్కూముఖం తెలియనివాళ్లు ఒకరికొకరు పోస్ట్‌కార్డులు పంపుకునే సైటు పోస్ట్‌క్రాసింగ్‌కు ఐదుకి నాలుగున్నర. బజార్లో దొరికే మామూలు ఫొటో ఆల్బమ్‌కు సున్నా. దేశదేశాల కార్డులు తెప్పించుకోవడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. విశాఖలో ఉన్న తలనొప్పల్లా వచ్చినవాటిని నిలబెట్టుకోవడమే. కిటికీ ఊచల్నే తినేసే గాలి కాగితాన్ని వదులుతుందా?

పోస్ట్‌క్రాసింగ్ 2005 జులై 14న పోర్చుగల్‌లో మొదలైంది. పద్ధతి తేలికే. మనం అడిగితే సైటు ఎవరో ఒక సభ్యుడి చిరునామా, కార్డు మీద రాయాల్సిన ఒక ఐడీ ఇస్తుంది. కార్డు చేరి, ఆయన ఆ ఐడీని నమోదు చేశాక మన చిరునామా ఇంకో దేశంలో ఇంకెవరికో వెళ్తుంది. అంటే మనం ఎవరికి పంపామో వాళ్ల నుంచి జవాబు రాదు. ఇది తెలియక కొత్తవాళ్లు ఎదురుచూస్తూ కూర్చుంటారు. మొదట్లో ఒకేసారి 5 కార్డులకే అనుమతి, చేరేకొద్దీ పెరుగుతుంది. 60 రోజులు దాటిన కార్డు గడువు తీరినట్టు లెక్క, ఆ ఖాళీలో ఇంకోటి పంపుకోవచ్చు. ఆలస్యంగా చేరినా ఏడాదిలోపు నమోదైతే మన ఖాతాలోనే పడుతుంది. అరమార్కు ఎందుకు కోశానంటే, బండి మొత్తం ఆ ఐడీ మీదే నడుస్తుంది. అది చెరిగిపోతే కార్డు చేరి కూడా చేరనట్టే. అందుకే రెండు చోట్ల రాయాలి. ఒకటి సందేశం పక్కన, ఇంకోటి ఎడమ పై మూలన. స్టాంపుకి ఆనుకుని రాస్తే తపాలా ముద్ర మీదపడి నల్లగా అలికేస్తుంది.

జెల్ పెన్ను మాత్రం వద్దు. జూన్ నుంచి నవంబరు దాకా ఇక్కడ ఏదో ఒక వాన ఉంటూనే ఉంటుంది, ఒక్క చుక్క పడితే దేశం పేరే కారిపోతుంది. మామూలు బాల్ పెన్ను చాలు, రాసి పది నిమిషాలు ఆరనివ్వాలి. కార్డు కింది అంచున సెంటీమీటరున్నర ఖాళీ వదలండి. కొన్ని దేశాల్లో యంత్రాలు అక్కడే బార్‌కోడ్ కొడతాయి, మన ఆఖరి వాక్యం దాని కిందకి పోతుంది.

స్టాంపు వెనక జిగురును నమ్ముకోవద్దు. ఎండకీ ఉక్కకీ మూలలు లేచిపోతాయి. జిగురు కడ్డీతో అంచుల వెంట పల్చగా రాస్తే సరి. తెల్ల జిగురు పూస్తే కార్డు ముడత పడుతుంది. విదేశీ కార్డు రేటు మారుతుంటుంది కాబట్టి కౌంటర్లో అడిగే అతికించండి, వీలైతే అక్కడే ఇచ్చేయండి. వానాకాలంలో వీధిలోని ఎర్ర డబ్బాలో వేయకపోవడమే మంచిది.

కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి, డాల్ఫిన్ నోస్ బొమ్మలున్న మంచి కార్డులు కొనాలంటే దొరకడం కష్టం. సొంతంగా అచ్చు వేయించుకోవడమే మేలు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని చెప్పే కాగితం బరువు) కార్డు, ఏ6 సైజు, అంటే 105×148 మిల్లీమీటర్లు. 12×18 అంగుళాల షీటుకి ఎనిమిది వస్తాయి. షాపువాళ్లు బొమ్మ వైపు లామినేషన్ వేద్దామంటారు, వద్దనండి. లామినేషన్ వైపు చెమ్మ పీల్చదు, వెనక కాగితం పీల్చి సాగుతుంది, వారం తిరక్కుండా కార్డు అప్పడంలా వంగుతుంది.

మన చిరునామా రాసుకోవడంలోనూ ఒక చిక్కుంది. విశాఖ డోర్ నంబర్లలో రెండు అడ్డగీతలు, ఒక ఏటవాలు గీత మామూలే. జర్మనీవాళ్లు చేత్తో రాసే 1కి పైన పొడుగ్గా కొక్కెం ఉంటుంది, మన పోస్ట్‌మ్యాన్‌కి అది 7. 530017 కాస్తా 530077 అవుతుంది. మందు ఏమిటంటే ఖాతాలో కాలనీ పేరు విడి లైనులో పెట్టడం. పిన్ తప్పినా పేరు కాపాడుతుంది. 'ఫలానా గుడి ఎదురుగా' లాంటివి తీసేసి నాలుగు లైన్లకు కుదించండి. అయిదో లైను వచ్చిందంటే చోటు చాలక దేన్నో ఒకదాన్ని మింగేస్తారు.

ఇక అసలు సంగతి, దాచడం. 4×6 అంగుళాల ఫొటో ఆల్బమ్ జేబు 102 మిల్లీమీటర్ల కార్డు కోసం కుట్టింది. ఏ6 కార్డు అంతకంటే 3 మిల్లీమీటర్లు వెడల్పు. తోస్తే మూలలు నలుగుతాయి, అంచు కత్తిరిస్తే కార్డు విలువ పోతుంది. అంతకంటే పెద్ద దోషం ఆ ప్లాస్టిక్. మెత్తగా, వాసనగా, వేలికి అంటుకున్నట్టు ఉంటే అది పీవీసీ. అందులోని మెత్తబరిచే రసాయనం మెల్లగా బయటికొచ్చి సిరాను లాగేస్తుంది. రెండు మూడు వేసవులు గడిచాక కార్డు తీస్తే బొమ్మలో కొంత జేబుకే ఉండిపోతుంది. జిగురు పేజీల ఆల్బమ్ అయితే చెప్పనే అక్కర్లేదు.

వాడాల్సింది పాలీప్రొపిలీన్ అనే ఇంకో రకం ప్లాస్టిక్. నలిపితే గరగరలాడుతుంది, వాసన ఉండదు. శుభలేఖలకు వాడే పారదర్శక కవర్లు చాలావరకు ఇవే, ప్యాకింగ్ సామాన్ల కొట్లో వందల లెక్కన అమ్ముతారు. నాలుగున్నర బై ఆరున్నర అంగుళాలవి అడగండి. మూతకి జిగురు పట్టీ లేనివే తీసుకోవాలి. కార్డు బయటికి లాగేటప్పుడు ఆ పట్టీ స్టాంపుని పట్టుకుందంటే పోస్ట్‌మార్కుతో సహా చిరుగుతుంది. పట్టీ ఉన్నవే దొరికితే కత్తెరతో కోసేయండి.

కవర్లలో పెట్టినవాటిని రబ్బరు బిగింపు మూత ఉన్న డబ్బాలో నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. పది లీటర్ల డబ్బాకి చెమ్మ పీల్చే సిలికా జెల్ గింజలు 100 గ్రాములు, పక్కన చిన్న డిజిటల్ తేమ మీటరు. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే నిశ్చింత. 65 దాటి కొన్నాళ్లు ఉందంటే బూజు, ఆ తర్వాత గోధుమరంగు మచ్చలు. సిలికా జెల్‌లో నీలం రకం గింజలు గులాబీ రంగుకి తిరిగితే నీరు నిండినట్టు. మన దగ్గర ఎండలో పెడితే సగమే ఆరతాయి, ఓవెన్లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాలి. ఆ ట్రేలో మళ్లీ తిండి వండకండి, నీలం రంగు కోబాల్టుది.

తడిసొచ్చిన కార్డుని నేరుగా డబ్బాలో పెడితే దాని చెమ్మతో మిగతావన్నీ చెడతాయి. రెండు బ్లాటింగ్ కాగితాల మధ్య ఉంచి, పైన బరువైన పుస్తకం పెట్టి, పూటపూటకీ కాగితాలు మార్చాలి. నున్నటి కార్డులు రెండు తడిసి అంటుకుంటే ఆరకముందే విడదీయాలి. ఆరాయా, పైపూత రెండోదానికి అతుక్కుపోతుంది, ఇక ఊడదు. ఇస్త్రీపెట్టె జోలికి పోవద్దు.

రబ్బరు బ్యాండ్లు వేడికి కరిగి అంచున గీత వదులుతాయి. వరస నంబరు వేసుకోవాలంటే వెనక మూలన 2బీ పెన్సిలుతో తేలిగ్గా వేయాలి. అమెరికా కార్డుల బొమ్మ వైపు నారింజ రంగు గీతలు కనిపిస్తే ఎవరో పాడుచేశారని ఫిర్యాదు చేయకండి. అది అక్కడి తపాలా యంత్రం కొట్టిన గుర్తు. తుడవబోతే బొమ్మే చెడుతుంది.