ఫ్రైడ్ రైస్ కోసం కొన్న ఇనుప మూకుడు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాలుగేళ్ల క్రితం బేగంబజారులో ఈ ఇనుప మూకుడును ఒకే ఒక్క పని కోసం కొన్నాను. ఇంట్లో చేసే ఫ్రైడ్ రైస్ ముద్దకట్టకుండా, ఏ గింజకు ఆ గింజ విడిగా రావాలన్నదే నా కోరిక. అంతకుముందు నాన్‌స్టిక్ పెనంలో చేసేదాన్ని. అందులో అన్నం వేగినట్టు ఉండేది కాదు, ఆవిరికి మరోసారి ఉడికినట్టు ఉండేది. పోనీ మంట పెంచుదామంటే, 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుందని తెలిశాక చెయ్యి వచ్చేది కాదు.

మూకుడు కొలతలు, ధర చెప్పి విసిగించను. అడుగు గుండ్రం, బరువు రెండు కిలోల పైచిలుకు, రెండు వైపులా చెవులు. ఊళ్లో ప్రతి పాత్రల దుకాణంలోనూ దొరికే రకమే. ఇంటికి తెచ్చాక బాగా తోమి, మూడు రోజుల పాటు పూటపూటా కొత్తగా బియ్యం కడుగు పోసి నానబెట్టాను. తర్వాత వేరుశెనగ నూనె పల్చగా రాసి, పొగ వచ్చేదాకా కాచి, చల్లార్చి, మళ్లీ రాశాను. అలా కాగిన నూనె ఇనుముకు అంటుకుపోయి గట్టి పొరగా మారుతుంది. ఆ నల్లటి నునుపే ఈ మూకుడు ప్రాణం. మొదటి రెండు నెలలు గుడ్డు అడుగంటుతూనే ఉండేది. మూడో నెలలో ఒక రాత్రి గుడ్లు కొట్టి పోసి, గరిటె తీసుకునేందుకు పక్కకు తిరిగి చూసేసరికి, అంచులు ఉబ్బిన గుడ్డు తనంతట తానే మూకుడు అడుగుకు జారి కూర్చుంది. గరిటె తగిలించకుండానే, మూకుడును కాస్త వంచితే చాలు, ఇటు నుంచి అటు తిరిగింది. ఆ పూట చేసిన ఫ్రైడ్ రైస్‌లో అన్నం గింజలు చిటపటమంటూ ఎగిరాయి. అంచున పోసిన చెంచాడు సోయా సాస్ ఇనుముకు తగలగానే సుయ్‌మని మరిగి, బండి మీద చేసే ఫ్రైడ్ రైస్ దగ్గర వచ్చే ఆ కమ్మటి మాడు వాసన మొట్టమొదటిసారి మా వంటింట్లో వచ్చింది. ఆ ఆనందంలో అయినవాళ్లందరికీ ఫోన్లు చేసి, ఇందులో ఏదీ అంటుకోనే అంటుకోదని చెప్పాను.

ఆ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. ఇందులో అంటుకోనిది చల్లారిన అన్నం. అప్పుడే వార్చిన వేడి అన్నం వేస్తే ఎంత పదునెక్కిన మూకుడయినా అడుగున అట్టుకడుతుంది. బియ్యం కూడా ముఖ్యమే. మేము తినేది బీపీటీ 5204, అంటే బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన సాంబ మసూరి. కొత్త పంట బియ్యమయితే ఈ మూకుడయినా ఏమీ చేయలేదు; కనీసం ఏడాది పాతబడినవి కావాలి. ఎసరు కాస్త తగ్గించి వండి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి గింజలోని పిండిపదార్థం బిగుసుకుని గింజ గట్టిపడుతుంది. రాత్రి మిగిలిన అన్నాన్ని తెల్లారేదాకా బయట వదిలేసి దానితో ఫ్రైడ్ రైస్ చేసేవాళ్లను చూశాను, దయచేసి అలా చేయకండి. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరిగి విషం విడుదల చేస్తుంది, ఎంత పెద్ద మంట మీద వేయించినా ఆ విషం పోదు. ఇక పరిమాణం సంగతి. ఇంటి గ్యాస్ పొయ్యి మంట హోటల్ పొయ్యికి సాటి రాదు కాబట్టి, ఒకసారికి ఇద్దరికి సరిపడా మాత్రమే వేయాలి. నలుగురిదీ ఒకేసారి కుమ్మరిస్తే ఇనుము చల్లబడి, పాత పెనంలో లాగే అన్నం మెత్తబడుతుంది.

ఇంతకంటే పెద్ద సవరణ రెండేళ్ల క్రితం ఉగాదికి చేయవలసి వచ్చింది. పండక్కి పదిహేను మందిని పిలిచాము. పులిహోరకు పులుసు కాచాలి, ఇంట్లో ఉన్నవాటిలో పెద్దది ఈ మూకుడే. అప్పటికి రెండేళ్లుగా నా చేతిలో మెదులుతున్నది కదా అన్న చనువుతో, ముందురోజు రాత్రి అందులోనే పావుకిలో చింతపండు పులుసు పోసి, పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి, బెల్లం ముక్క వేసి, నూనె పైకి తేలేదాకా అరగంటకు పైగా ఉడికించాను. ఉడుకుతున్నప్పుడు ఏ తేడా కనిపించలేదు. పొద్దున్నే కలుపుకోవచ్చని మూతపెట్టి అలాగే వదిలేశాను. ఉదయం ఐదింటికి మూత తీస్తే, పసుపుపచ్చగా ఉండాల్సిన పులుసు బురద నలుపుకు తిరిగింది. చెంచాతో నాలిక మీద వేసుకుంటే పులుపు కంటే ముందు ఇనుము తగిలింది. పులుసంతా పారబోసి, ఆ పూటకు నిమ్మకాయ పులిహోరతో సరిపెట్టాను. వచ్చినవాళ్లు బాగుందనే తిన్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు, ఎందుకంటే కడిగిన మూకుడు సింకు పక్కన కనబడుతూనే ఉంది. రెండేళ్లుగా పేరుకున్న నలుపు పులుసు నిలిచిన మేర వరకూ గీత గీసినట్టు పోయి, ఆ కింద బూడిదరంగు ఇనుము బయటపడింది. మధ్యాహ్నానికి దాని మీద నారింజరంగు తుప్పు చుక్కలు తేలాయి.

తెనాలిలో ఉన్న అమ్మకు ఫోన్ చేస్తే ముందు మాట్లాడలేదు, తర్వాత "ఇనప మూకుట్లో పులుసు కాచావుటే? మనింట్లో రాతిచిప్ప ఎందుకుండేదనుకున్నావు?" అంది. చిన్నప్పుడు పప్పుచారుకూ పులుసుకూ ఆ రాతిచిప్ప, వేపుళ్లకూ అట్లకూ ఇనుము ఎందుకు వేరువేరుగా ఉండేవో నేనెప్పుడూ అడగలేదు. పులుపు ఇనుమును తినేస్తుంది, దాన్ని పట్టుకుని ఉన్న నూనె పొర కూడా దానితో పాటే ఊడిపోతుంది.

రెండు రోజులు ఆగి, తుప్పు తోమేసి, పైపైన నూనె రాసి ఫ్రైడ్ రైస్ చేశాను. గుడ్డు పట్టుకుపోయింది, అట్లకాడతో గీకితే పెచ్చులుగా లేచింది, అన్నం మీద సన్నటి నల్లపొడి పడింది. పదేళ్ల మా అబ్బాయి రెండు ముద్దలు తిని, అన్నం నాణెం వాసన వస్తోందన్నాడు. వాడు చెప్పింది నిజం. ఆ రోజు దాన్ని పాత ఇనుముకు వేసేద్దామనే అనుకున్నాను.

చివరికి స్టీలు పీచుతో మూకుడంతా తెల్లబడేదాకా రుద్ది మళ్లీ మొదటి నుంచి వచ్చాను. మొదటిసారి త్వరగా అయిపోవాలని నూనె దండిగా రాయడంతో అది జిగురుగా మారి చేతికి అంటుకుంది; మళ్లీ తోమవలసి వచ్చింది. రెండోసారి నూనె రాసి, పొడిగుడ్డతో అసలు రాయనట్టే తుడిచేసి, కిటికీలు తెరిచి పొగ ఆగేదాకా కాచాను. రెండు సాయంత్రాల్లో ఐదుసార్లు అలా చేశాక నలుపు పట్టింది. గుడ్డు మళ్లీ జారడానికి ఇంకో నెల పట్టింది. అడుగున రూపాయి కాసంత మేర ఇప్పటికీ మునుపటి నిగనిగ రాలేదు, ఆలుగడ్డ ముక్క వేస్తే అక్కడ కొంచెం ఆగుతుంది.

అప్పటి నుంచి వెనిగర్ కూడా మూకుడులో పోయడం మానేశాను. అన్నం పళ్లెంలోకి తీశాక పైన రెండు చుక్కలు వేసి కలిపితే రుచికి లోటేమీ లేదు. సోయా సాస్ చెంచాడుకు మించితే మాడి పట్టుకుంటుంది, కాబట్టి మిగతా ఉప్పదనం ఉప్పుతోనే. వంట అవగానే, వేడి ఉండగానే నీళ్లతో కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనె చెయ్యి రాయాలి. వానాకాలంలో ఒక్క పూట మరిచిపోయినా మర్నాడు గుడ్డకు ఎర్రగా అంటుతుంది. పనమ్మాయికి ఈ మూకుడు వేయను, నేనే కడుగుతాను.

ఇన్ని చెప్పాక కూడా, ఇంట్లో ఫ్రైడ్ రైస్‌కు దీన్ని మించిన పాత్ర నాకు దొరకలేదు. అయితే మేము ముగ్గురం, మాకు గ్యాస్ పొయ్యి ఉంది, వారానికి రెండుసార్లయినా దీన్ని పొయ్యి మీద పెడతాను. వాడకం ఆగిపోతే ఇది చెడిపోతుంది. ఇండక్షన్ పొయ్యి ఉన్నవారికి గుండ్రటి అడుగు పనికిరాదు, మణికట్టు నొప్పి ఉన్నవారు నిండు మూకుడును ఎత్తి కుదపడం కష్టం. కరెంటు పొయ్యి ఉన్న ఇంట్లో అద్దెకుంటున్న మా చెల్లెలు కొనమంటావా అని అడిగింది. ప్రస్తుతానికి వద్దన్నాను.

ఈ సంక్రాంతికి అమ్మ తెనాలి నుంచి రాతిచిప్ప తెస్తానంది. అది వచ్చేదాకా పులుసు స్టీలు గిన్నెలో కాస్తున్నాను.