డైనింగ్ గోడకు శ్రీకాళహస్తి కలంకారి: కొన్నేళ్లు వాడాక

దీని ఎరుపు కోసమైతే కళ్లు మూసుకుని కొనొచ్చు. కాకపోతే ఆ ఎరుపు కనబడాలంటే బల్బు కూడా సరైనది ఉండాలి, ఆ సంగతి ఏ కొట్లోనూ చెప్పరు.

మాది తిరుపతిలో అపార్ట్‌మెంట్. తెల్ల గోడ, తెల్ల టైల్సు, నెత్తిన ట్యూబ్‌లైటు, తిన్న వెంటనే లేచి హాల్లోకి వెళ్లిపోయేవాళ్లం. ఆ గోడకు కాళహస్తిలో వేసేవాళ్ల దగ్గరే కొన్న చెట్టూ నెమళ్ల గుడ్డ కట్టాం. మచిలీపట్నం వాటిలా అచ్చులతో అద్దింది కాదు, పుల్లకలంతో గీసింది. కలం ముంచిన చోట గీత లావుగా మొదలై పోనుపోను సన్నబడుతుంది, రెండు నెమళ్లు ఒకేలా ఉండవు. అన్నం తింటూ చూడటానికి అంతకన్నా ఏం కావాలి. కొత్తలో పాలూ కరక్కాయా కలిసిన వాసన వస్తుంది, తర్వాత పోతుంది.

పగలు బ్రహ్మాండంగా ఉండే గుడ్డ రాత్రి 6500 కెల్విన్ (వెలుతురు ఎంత తెల్లగా, ఎంత పసుపుగా ఉందో చెప్పే కొలత) తెల్ల ట్యూబ్‌లైటు కింద ఎండిపోయిన ఇటుక రంగులో కనబడేది, చాలా బాధేసింది. టేబుల్ మీదికి వేలాడే లైటు పెట్టించి 2700 కెల్విన్ వార్మ్ బల్బు వేస్తే గది వెచ్చగా అయింది కానీ ఎరుపు మాత్రం లేవలేదు, అంతా ఒకే పసుపు. అప్పుడు బల్బు డబ్బా మీద సీఆర్‌ఐ అని ఉండేది, అంటే ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె, చూడటం మొదలుపెట్టాను. మామూలు ఎల్‌ఈడీలకు 80 దగ్గర ఉంటుంది. ఆ లెక్క కట్టేది ఎనిమిది లేత రంగులతో, ముదురు ఎరుపుకు ఆర్9 అని వేరే అంకె ఉంటుంది, దాన్ని చాలా డబ్బాల మీద వెయ్యనే వెయ్యరు. సీఆర్‌ఐ 90 దాటిన బల్బు వెతికి తెచ్చి వేసిన రాత్రి చూడాలి! చెట్టు మొదలంతా కుంకుమలా లేచింది. దాంతోపాటు కంచంలో ఆవకాయ, టమాటా పప్పు కూడా. మా అమ్మ సంగటి తినేసి ఊరికే కూర్చుని నెమళ్ల తోకలు చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు రాత్రి కబుర్లన్నీ అక్కడే.

ఏ గోడకైనా బాగుంటుందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు అలా చెప్పను. పడమటి కిటికీ ఎండ పడే అంచున పసుపు సగం వెలిసిపోయింది, ఎరుపు, నలుపు మాత్రం గట్టిగానే ఉన్నాయి. ఇప్పుడు కర్టెన్ వేసి ఉంచుతున్నాం. అద్దం ఫ్రేము పెడదామంటే లైటు అందులో మెరిసి బొమ్మే కనబడదు, అందుకే విడిగానే ఉంచి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులుపుతాం. వేలాడే లైటుతో ఇంకో ఇబ్బంది, ఫ్యాను స్పీడు పెంచితే ఊగుతుంది, గోడ మీద నీడలు కూడా ఊగుతాయి. మన ఎండాకాలంలో ఫ్యాను ఆపి తినలేం కదా, ఫ్యాను గోడకు మార్చాల్సొచ్చింది. పిల్లల హోంవర్కుకు ఈ వెలుతురు చాలదు, అప్పుడు ట్యూబ్‌లైటే.

మా వంటగదికి తలుపుంది కాబట్టి పోపు జిడ్డు గుడ్డ దాకా రాలేదు. ఓపెన్ కిచెన్ ఇంట్లో అయితే నేను కట్టను. అద్దె ఇల్లయితే ముందు బల్బొకటి మార్చి కొన్నాళ్లు చూడండి, గుడ్డ సంగతి ఆ తర్వాత.