వసారా కుర్చీల మెత్తలు: ఐదేళ్ల వాడకం తర్వాత

విశాఖపట్నంలో మా ఇల్లు సముద్రానికి దగ్గర. పడమటి వసారాలో నాలుగు పేము కుర్చీలున్నాయి. పైన స్లాబు ఉందన్న ధీమాతో మొదట మామూలు దూది మెత్తలు కుట్టించాను. ఒక్క వానాకాలానికే దూది ఉండలు కట్టింది. మెత్తను తిరగేసి చూస్తే, పేము అల్లిక ఆనినచోటల్లా నల్లటి బూజు చుక్కలు.

తడి లోపలికి పోకూడదని రెండోసారి ఫోము మెత్తలకు రెక్సిన్ గలీబులు వేయించాను. అది ఇంకా పెద్ద పొరపాటు. కుట్టు రంధ్రాల్లోంచి దిగిన నీరు బయటికి వచ్చే దారి లేక ఫోము ముక్కిపోయింది. వేసవిలో పది నిమిషాలు కూర్చుంటే చొక్కా ఒంటికి అతుక్కుపోయేది.

ఆరుబయట తడిసిన మెత్త ఎండకు ఆరిపోతుంది. చూరు కింద ఆ ఎండ పూర్తిగా తగలదు, సముద్రపు గాలిలో తేమ తగ్గదు. అందుకే మూడోసారి నీటిని ఆపే మెత్తలు కాకుండా త్వరగా ఆరేవి వెతికాను. ఐదేళ్లుగా వాడుతున్నవి అవే.

లోపల క్విక్ డ్రై ఫోము. దాని రంధ్రాలు పెద్దవి, ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. కొనేముందు నమూనా ముక్కను నోటికి ఆనించి ఊదాను. అవతల పెట్టిన అరచేతికి గాలి తగిలింది. అల్పపీడనం రోజుల్లో జల్లు కొట్టి తడిస్తే మెత్తను మూలమీద నిలబెడతాను. నీళ్లు ధారగా కారిపోతాయి. పొద్దున తడిసింది సాయంత్రానికి కూర్చోవడానికి పనికొస్తుంది.

గలీబులకు అక్రిలిక్ గుడ్డ తీసుకున్నాను. దారం వడకకముందే పోగులో రంగు కలిపిన రకం అడగాలి. సాయంత్రపు ఎండ ఐదేళ్లుగా పడుతున్నా, పైభాగానికీ కుర్చీకి ఆనే అడుగుభాగానికీ రంగులో తేడా నా కంటికి ఆనడం లేదు. జిప్పు ప్లాస్టిక్‌దే వేయించండి. పాత గలీబుల ఇనుప జిప్పులు తుప్పుపట్టి గుడ్డకు మరకలు చేశాయి. కుట్టడానికి కూడా పాలిస్టర్ దారమే వాడమనండి, నూలు దారం తేమకు చీకిపోతుంది.

మందం విషయంలో తొందరపడ్డాను. నాలుగంగుళాలు చేయిస్తే అమ్మ పాదాలు నేలకు ఆనలేదు, లేవడానికి ఇబ్బంది పడింది. కోయించి రెండున్నరకు తగ్గించాను. ఇప్పుడు ఆమె సాయంత్రాలన్నీ అక్కడే గడుస్తాయి.

ఖర్చు దూది మెత్తలకు మూడింతలకు పైనే అయింది. అయినా మళ్లీ ఇవే కొంటాను. వీపు మెత్తల్లో నింపిన ఫైబర్ మాత్రం రెండో ఏడాదికే అణిగిపోయింది, దాన్ని ఒకసారి మార్పించాను. అక్రిలిక్ గలీబులు ఇప్పటికీ అవే.